సుంకమ్మ అరగంట

నాగలింగాచారి అని ఒకాయన ఉండె, ఎర్రదిన్నెలో. కంసలాయనే గానీ బంగారం ముట్టింది లేదు, గడియారాల పని. మీరు శెనగబుడ్డలు ఒలుస్తానే వినండమ్మా, చేతులు ఆపొద్దు. నోరు నాది, చేతులు మీవి. ఆ నాగలింగాచారి ఎట్లాంటి పనోడంటే, అటు నంద్యాల నుంచి, ఇటు డోను నుంచి గడియారాలు దుప్పట్లో చుట్టుకోని, చంటిబిడ్డను తెచ్చినట్టు తెస్తాండ్రంట. అందరూ కంటికి అద్దం పెట్టుకోని చూస్తారు గదా, ఈయనకు అద్దం పేరుకే. చూసేదంతా కుడిచేతి చూపుడేలితోనే. పండ్లచక్రం మీద ఆ ఏలు పెట్టి రవంత తిప్పితే, ఏ పన్ను అరిగింది, ఏ ఇరుసు ఒరిగింది, కంటికి కనపడనిది కూడా ఆ ఏలికి తెలుస్తాండెనంట. "గడియారం దెబ్బ తగిలి పాడయ్యేది తక్కువప్పా, అరిగి పాడయ్యేదే ఎక్కువ. రోజుకు ఇంత, రోజుకు ఇంత, ఎవరికీ తెలీకుండా అరుగుతాది. తెలిసేనాటికి ఆగిపోయి ఉంటాది" అని వచ్చినోళ్ళకంతా చెప్తాండె. చెప్పేదానికి బాగానే చెప్తాండె. ఆ మాట ఆయన మెడకే చుట్టుకున్యాది, అది చెప్తా ఉండు.

ఎర్రదిన్నెకు కింద పక్క కాలవ తూము ఉండాది. తూము కాడ లస్కరు కొట్టం. లస్కరంటే నీళ్ళు ఇడిచేటోడు, కట్టేటోడు. కాశీం అని ఒకాయన, మంచోడే, కాకపోతే ఎవరన్నా గట్టిగా మాట్లాడితే పంచె ఎగగట్టుకోని పక్కకు పోయే రకం. ఆ కొట్టంలో గోడకు గడియారం. మనిషి నిలబడినంత ఎత్తుంటాదంట. తెల్లదొరలు పోతా పోతా కాలవ బంగళాలో ఇడిచిపెట్టి పోయింటే, ఊరోళ్ళు బండిలో ఏసుకోని వచ్చి ఈడ తగిలిచ్చినారు. దాని పెద్దముల్లు ఇనుముది, జానెడు పైనే ఉండాది. ఇంత గడియారం కొట్టంలో ఎందుకంటే, నీళ్ళ వంతులకు. అరగంటకు ఒకరి వంతు. గంట కొట్టిందంటే కాశీం ఒకరి మడవ కట్టి ఇంకొకరి మడవ తిప్పల్ల, అంతే. చారెడు నీళ్ళకు కత్తులు తీసే ఊరమ్మా అది. అట్లాంటి ఊర్లో గడియారం కొట్టిందంటే, ఎంత మొనగాడైనా మాట లేకుండా పార భుజాన పెట్టుకోని పోవాల్సిందే. మనిషి మాట నమ్మరు గానీ గడియారం మాట నమ్ముతాండ్రంట.

ఆ వంతుల్లో పన్నెండు నుంచి పన్నెండున్నర సుంకమ్మది. మిట్టమధ్యానం. ఆ ఎండకు మడవ కాడ ఎవరు నిలబడతారు? మొగుడు లేని ముసిల్ది, ఏమంటాదిలే అని ఆ వంతు ఆమెకు పడేసినారు. ఆమెది ఎకరన్నర, తొమ్మిది కయ్యలు. ఆమె, ఆమె బిడ్డ గిడ్డమ్మ, ఇద్దరే మనుషులు. వాళ్ళ కయ్యలకు ఆనుకోనే ఊరి పెద్దకాపు మద్దిలేటి రెడ్డి మడి. పన్నెండున్నర నుంచి ఒంటిగంట దాంక ఆయన వంతు. సుంకమ్మకు గడియారం చూసేది రాదు, అంకెలు తెలీవు. పన్నెండు కొట్టగానే కొట్టంలోకి వచ్చి, ఆ బురద చేత్తోనే అద్దం మీద, అడుగున ఆరు అంకె ఉండేకాడ ఏలు పెట్టి, "కాశీమూ, ముల్లు ఈడికి వచ్చేదాంక నీళ్ళు నావి గదా" అంటాండెనంట. "నీవే అవ్వా, నీవే. అద్దానికి బురద పుయ్యొద్దు, తుడవలేక సస్తాండా" అని ఆయప్ప. రోజూ ఇదే. రోజూ అదే మాట, రోజూ అదే బురద, రోజూ కాశీం తిట్టుకుంటా తుడిచేది.

ఇట్ల ఉండంగ ఏమైందంటే, ఒక ఏడు నాగలింగాచారి ఆ గడియారానికి నూనె పెట్టేదానికి పోయినాడు. ఏడాదికి ఒక్కసారి పోవల్ల. దానికి కల్లంలో ఇన్ని గింజలని మేర ఇస్తారు. మేర కొలిపిచ్చేది మద్దిలేటి రెడ్డే. పోయి ముల్లు ఊడదీసినాడు. ముల్లు ఎనకాల పలసటి ఇత్తడి రేకు ఒకటి ఉంటాది, రవంత వంపుగా. పట్టురేకు అంటారు దాన్ని. లోపల ఇరుసు తిరుగుతాంటే ఈ రేకు అదుముకోని పట్టుకుంటేనే ముల్లు కూడా తిరుగుతాది. ఏలు పెట్టి చూసినాడు. అరిగిపోయిండాది. పట్టు లేదు. పట్టు లేకపోతే ఏమైతాది? ముల్లేమో ఇనుముది, బరువు. పన్నెండు నుంచి ఆరుకు దిగేటప్పుడు బరువుకు జారి బిన్నా దిగుతాది. ఆరు నుంచి పన్నెండుకు ఎక్కేటప్పుడు ఎక్కలేక ఎనకపడతాది. నేను కొండ దిగేది, ఎక్కేది మాదిరే అనుకో. నవ్వొద్దండి, మీకూ వస్తాది ఈ వయసు. దిగే అరగంట ఇరవై నిమిషాలకే అయిపోతాది, ఎక్కే అరగంట నలభై నిమిషాలు పడతాది. రెండూ కలిపితే గంటకు గంట సరిగ్గానే ఉంటాది. ఇంగ ఎవరు కనుక్కుంటారు? మిగతావాళ్ళ వంతులు వారం వారం అటుదిటు మారతాయి, ఒక వారం పోయింది ఇంకో వారం వస్తాది. మారనిది ఆ మిట్టమధ్యానం వంతు, దాని ఎనక పెద్దకాపు వంతు, ఆ రెండే. సుంకమ్మ నీళ్ళు రోజుకు పది నిమిషాలు మద్దిలేటి రెడ్డి మళ్ళోకి పోతాండాయి.

నాగలింగాచారి నేరుగా రెడ్డి కాడికే పోయి చెప్పినాడు. "రెడ్డీ, పట్టురేకు అరిగిపోయింది. దిగే అరగంట కురచగా పోతాండాది. ఒక పూట పని, మారుస్తా" అన్నాడు. రెడ్డి అరుగు మీద కూచోని పండ్లు తోముకుంటాండాడు. యాపపుల్ల నోట్లోనుంచి తీసి, "గంటకు గంట సరిగ్గా ఉండాదా లేదా?" అన్నాడంట. "ఉండాది." "మల్ల నీకేం దురద? పెద్ద గడియారం, ఇప్పి నువ్వు చెడగొడితే ఊరంతా తన్నుకోని సస్తారు. నూనె పెట్టి పో. కల్లం కాడికి వచ్చి మేర కొలిపిచ్చుకో." అంతే అన్నాడు. కొడతా అనలే, తిడతా అనలే. కానీ మేర అన్న మాట ఎందుకన్నాడో నాగలింగాచారికి తెలీదా? ఇంట్లో పెండ్లాము, ముగ్గురు బిడ్డలు. పోయి నూనె పెట్టి, ముల్లు యథాప్రకారం తగిలిచ్చి వచ్చినాడు. గంటకు గంట సరిగ్గానే ఉండాది గదా అని తనకు తానే చెప్పుకున్యాడంట దారి పొడుగునా.

ఒక పంట పాయె, రెండు పంటలు పాయె. సుంకమ్మకు కడపటి కయ్యకు నీళ్ళు అందలే. తర్వాత ఎనిమిదో కయ్యకూ అందలే. అంకెలు తెలీని మనిషి, కానీ అద్దం మీద ఏలు పెట్టి రోజూ చూస్తాండాది గదా, ఆమెకు తెలిసిపోయింది. ఒకనాడు నాగలింగాచారి ఇంటికి వచ్చి గడప కాడ కూచున్యాది. "నాయనా ఆచారీ, నువ్వొకసారి ఆ గడియారం చూడప్పా. ముల్లు జారతాండాది. నా కండ్లతో చూసినా. నేను ఏలు పెట్టేలోపల వచ్చి పడతాండాది" అన్నాది. అప్పుడన్నా నిజం చెప్పచ్చు గదా? చెప్పలే. తప్పు చేసినోడికి కోపం ముందొస్తాది చూడు, అట్ల వచ్చింది. "జారింది నీ కండ్లేమో అవ్వా. దొరలు చేసిన గడియారానికి వంక పెడతావా నువ్వు" అన్నాడు. ఆయన పెండ్లాము లోపల నుంచి వింటాండాది. ముసిల్ది లేచి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించుకోని నిలబడి, పోయింది. ఆ లేచి నిలబడింది ఆయనకు చచ్చేదాంక కండ్లలోంచి పోలేదంట.

మూడో ఏడు ఎండాకాలం పంటకు ఏం చేసిందంటే, వంతు అయిపోయినాక పిల్లకాలవలో అడుగున మిగిలే నీళ్ళు ఇత్తడి చెంబుతో ముంచుకోని, కడపటి కయ్యకు మోసేది మొదలుపెట్టింది. చెంబు చెంబు. పోయేది, పోసేది, వచ్చేది. ఆ ఎండలో. గిడ్డమ్మ వద్దంటే వినదు. ఒకనాడు మధ్యానం కడపటి కయ్యలో బోర్లాపడి ఉండాది. చెంబు చేతిలోనే ఉండాది, పట్టిన పట్టు ఇడవలేదు. చెంబులో నీళ్ళు మాత్రం మొక్కలకే పోయిండాయి. ఊరంతా అయ్యో అన్నారు. మద్దిలేటి రెడ్డి కూడా అన్నాడు. నాగలింగాచారి ఏడ్చినాడంట, నిజంగానే ఏడ్చినాడు. ఎందుకు అంత ఏడుస్తాండాడో ఎవరికీ తెలీలే.

ఇప్పుడు ఒక సంగతి చెప్పల్ల, లేకపోతే మీకు కథ అందదు. ఆ పక్క ఊర్లలో చచ్చినోళ్ళ చేతిలో ఉండిన చెంబు ఇంట్లో పెట్టుకోరు. కంసలోళ్ళకు ఇచ్చేస్తారు. కంసలోళ్ళు ఏం చెయ్యల్లంటే, ముందు దాన్ని అగ్గిలో పెట్టి కరగబెట్టల్ల. కరిగిందనుకో, ఇంగ అది ఎవరి సొమ్మూ కాదు, ఒట్టి ఇత్తడి. కరగకుండా దాంట్లోంచి గోరంత ముక్క తీసి కూడా ఇంకోదానికి వాడకూడదు. ఇది వాళ్ళ కులంలో పసిపిల్లోళ్ళకు కూడా తెలుసు. గిడ్డమ్మ దినాలు అయినాక ఆ చెంబు తెచ్చి నాగలింగాచారికిచ్చింది. ఆయన దాన్ని చూడలేక పాత సామాన్ల గంపలో అడుక్కు తోసేసినాడు. సరిగ్గా ఆ మరుసటి రోజు పొద్దున తూము గడియారం ఆగిపోయింది. ఎనిమిదింటికి ఆగె. కాశీం పరిగెత్తుకోని వచ్చె, ఎనకాలే రెడ్డి మనిషి వచ్చె. పన్నెండు లోపల నడవల్ల, లేకపోతే నా వంతు పోతాది అని రెడ్డి చెప్పి పంపినాడు.

పోయి ఇప్పి చూస్తే, లోపల నడిమి చక్రం ఇరుసు తిరిగే బెజ్జం అరిగి, గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డు మాదిరి కోలగా అయిపోయిండాది. చక్రం ఒరిగి పక్క చక్రం పండ్లలో ఇరుక్కున్యాది. దానికి ఏం చెయ్యల్లంటే, బెజ్జం గుండ్రంగా తొలిచి, చిన్న ఉంగరం మాదిరి ఇత్తడి బుష్షు చేసి దిగ్గొట్టల్ల. కొత్త ఇత్తడి మెత్తన, నిలబడదు. పాతదై, సుత్తి దెబ్బలు తిన్న ఇత్తడి కావల్ల. ఇంటికొచ్చి గంపలో చెయ్యి పెట్టినాడు. ఏం చేతికొచ్చిందో మీకు తెలుసు గదా. చెంబు అంచు మందంగా, గట్టిగా, దానికోసమే చేసినట్టు ఉండాది. కొలిమి రాజెయ్యల్లంటే పొద్దు పోతాది. ఇంత ముక్కకు ఏమైతాదిలే అని, కరగబెట్టకుండానే అంచు కోసి, ఆకురాయితో రాకి, బుష్షు చేసి దిగ్గొట్టినాడు. పదకొండున్నరకు కింద ఏలాడే లోలకం బిళ్ళ ఊపినాడు. గడియారం నడిచింది. టక్కు టక్కు మని బాగానే నడిచింది. తప్పు మీద తప్పు చేసినాడు నాయనా.

ఆ రోజు పన్నెండు కొట్టినాయి. కాశీం గిడ్డమ్మ మడవ తిప్పినాడు. ముల్లు దిగుతాండాది. ఐదు అంకె దాటింది, ఆరుకు రవంత ముందర నిలబడిపోయింది. బిళ్ళ ఊగుతాండాది, టక్కు టక్కు మంటాండాది, లోపల చక్రాలు తిరుగుతాండాయి. ముల్లు మాత్రం కదలదు. కాశీం చూస్తాండాడు. కొట్టం బయట ఎండ, కాకి కూడా అరచలేదంట. ముల్లు కొన మాత్రం సన్నగా వణుకుతాండాదంట, బరువు మోసే చెయ్యి వణికినట్టు. ఆ టయానికి ఆడ పొలంలో గిడ్డమ్మ కడపటి కయ్యలో నిలబడి ఉండాది. మూడేండ్లుగా నీళ్ళు రాని కయ్య. పిల్లకాలవ గట్టు దాటుకోని నీళ్ళు వచ్చి ఆమె పాదానికి తగిలినాయి. తగిలినాయో లేదో, తూము కాడ ఠంగుమని గంట కొట్టింది. తర్వాత ముల్లు ఎక్కేటప్పుడు బిరబిరా ఎక్కేసిందంట, కింద నుంచి ఎవరో నెట్టినట్టు. ఒంటిగంటకు ఒంటిగంట సరిగ్గా కొట్టింది.

మరుసటి రోజూ ఇంతే. ఆ మరుసటి రోజూ ఇంతే. నాలుగో రోజు మద్దిలేటి రెడ్డి జేబు గడియారం చేతిలో పట్టుకోని వచ్చి కొట్టంలో నిలబడినాడు, నాగలింగాచారిని పిలిపిచ్చినాడు. "చూడు. దిగేదానికి నలభై నిమిషాలు, ఎక్కేదానికి ఇరవై. నా మడి ఎండిపోతాండాది. ఏం చేసినావురా ఆచారీ?" అని అరిచినాడు. నాగలింగాచారి నోట్లోంచి ఆయనకు తెలీకుండానే వచ్చిందంట ఆ మాట. "గంటకు గంట సరిగ్గానే ఉండాది గదా రెడ్డీ" అన్నాడు. రెడ్డి మొగం చూడల్ల అప్పుడు. కాశీం పంచె ఎగగట్టుకోని బయటికి పోయినాడు.

అందరూ పోయినాక నాగలింగాచారి ఒక్కడే గడియారం దగ్గరికి పోయినాడు. అద్దం మీద, ఆరు అంకె కాడ, బురద ఏలిముద్ర ఉండాది. తడిగా ఉండాది. పంచె కొసతో తుడిచినాడు, పోలే. లోపల పక్క ఉండాదేమో అని తలుపు తెరిచి లోపల తుడిచినాడు. మల్ల చూస్తే బయట ఉండాది. బయట తుడిస్తే లోపల ఉండాది. ముల్లు ఊడదీసి పట్టురేకు చూసినాడు. అదే రేకు, అరిగిపోయిన రేకు, ఊదితే ఎగిరిపోయేట్టుండాది. ఆ రేకుతో ముల్లు జారల్ల గానీ నిలబడేదానికి లేదు. మరి నిలబడుతాండాదంటే ఎవరో పట్టుకోనే ఉండాల్ల గదా. ముల్లు తగిలిచ్చి ఇంటికి పోయి చూసుకుంటే, తన కుడిచేతి చూపుడేలు, ఒక్క ఆ ఏలే, నీళ్ళలో నానినట్టు ముడతలు పడిండాది. తెల్లగా, చల్లగా. గిచ్చితే తెలీడం లేదు.

ఆ ఏలు లేకపోతే ఆయన లేడు, అర్థమవుతాందా మీకు? మరుసటి రోజు ఒకాయన చేతి గడియారం తెస్తే, చక్రం మీద ఏలు పెట్టినాడు. ఏం తెలీలే. అరిగిందో లేదో, ఉందో లేదో కూడా తెలీలే. అప్పుడు భయం పట్టుకున్యాది. ఆ బుష్షే, చెంబు ముక్కే, కరగబెట్టకుండా పెట్టినా, అందుకే ఇట్ల అనుకున్యాడు. పోయి బుష్షు పీకినాడు, ఇంటికొచ్చి చెంబుతో సహా కొలిమిలో ఏసి కరగబెట్టినాడు, దండం పెట్టుకున్యాడు, ఇంకో ఇత్తడితో బుష్షు చేసి దిగ్గొట్టినాడు. ఇంగ పోయిందిలే పీడ అనుకున్యాడు. పన్నెండు కొట్టె. ముల్లు దిగె. ఆరు కాడ నిలబడె. అప్పుడు మద్దిలేటి రెడ్డి ఏమన్నాడంటే, "ముల్లు కొనకు రవంత సీసం అంటిచ్చు. బరువుకు అదే దిగుతాది. రేపు మధ్యానానికి మునుపటి మాదిరి కాకపోతే నీకు మేర లేదు, ఈ ఊర్లో ఇల్లూ లేదు" అన్నాడు. ఏం చేస్తాడు? బటానీ గింజంత సీసం అంటిచ్చినాడు. అంటిచ్చినాడమ్మా, నేను దాచిపెట్టి చెప్పను, మంచోడని చెప్పేదానికి లేదు ఆయన్ని.

మరుసటి రోజు పన్నెండు కొట్టినాయి. ముల్లు దిగింది, ఆరు కాడ నిలబడింది. సీసం బరువుకు కొన కిందికి వంగుతాండాది, మల్ల పైకి లేస్తాండాది, వంగుతాండాది, లేస్తాండాది. నాగలింగాచారి కొట్టంలోనే ఉండాడు. గిచ్చినా తెలీని ఆ ఏలికి ఉన్నట్టుండి నొప్పి మొదలైంది. గోరు మీద ఎవరో రాయి పెట్టినట్టు. ముల్లు వంగినప్పుడంతా నొప్పి, లేచినప్పుడు నొప్పి తగ్గేది. చూస్తాండంగనే గోరు కింద రక్తం గూడుకట్టి నల్లగా అయిపోయింది. ఆయనకు అప్పుడు తెలిసిందంట, ఆ ముసిల్ది ఎంత బరువు మోస్తాండాదో. చచ్చి కూడా మోస్తాండాది. ఆమెకు బుష్షుతో పని లేదు, చెంబుతో పని లేదు. చెంబు దారి మాత్రం చూపిచ్చింది. ఆమె బతికుండంగ వచ్చి గడప కాడ కూచోని ఏం అడిగింది? గడియారం చూడప్పా అన్నాది. ఇప్పుడూ అదే అడుగుతాండాది. ఆచారి చూసేదాంక ఏలు తియ్యదు, అంతే. "అవ్వా, చూస్తా అవ్వా, చూస్తా" అని అద్దం కాడ నిలబడి గట్టిగా ఏడ్చినాడంట. కాశీం బయట నుంచి విన్నాడు.

ఇంటికి పోయి, కరగబెట్టిన చెంబు ఇత్తడి తీసుకోని, సుత్తితో కొట్టి కొట్టి పలసగా రేకు చేసినాడు. ఏలికి తెలీదు గదా, ఎంత పలసగా అయిందో ఎట్ల? పెండ్లాం చేతిలో పెట్టి, "పట్టుకోని చూడు, ఒంపు ఉండాదా" అని అడిగి, మల్ల కొట్టి, మల్ల అడిగి, చేసినాడు. ఆమె అప్పుడు ఒక్కటే అన్నాదంట: "ఆ పొద్దే చేసింటే ఆ అవ్వ ఉండేది." మరుసటి పొద్దున వంతులు ఉండే రైతులందరికీ తూము కాడికి రమ్మని కాశీంతో చెప్పిచ్చినాడు. గిడ్డమ్మ వచ్చింది. మద్దిలేటి రెడ్డి ఎందుకో అనుకోని వచ్చినాడు. అందరి ముందర ముల్లు ఊడదీసి, సీసం గీకేసి, పాత రేకు అరచేతిలో పెట్టి చూపిచ్చినాడు. "ఇది అరిగిందని మూడేండ్ల నాడే నాకు తెలుసు. రెడ్డికి చెప్పినా, వద్దన్నాడు, ఊరకుండిపోయినా. సుంకమ్మవ్వ రోజుకు పది నిమిషాలు పోగొట్టుకున్యాది. నా ఇంటికొచ్చి అడిగితే నీ కండ్లే జారినాయి అన్నా. జారింది నా నోరు" అన్నాడు. చెప్పేసినాడు. రెడ్డి, "ఎవరు చెప్పమన్నారు నిన్ను?" అన్నాడు, అది కూడా గట్టిగా అనలేకపోయినాడు. ఇద్దరు ముగ్గురు రైతులు పారలు భుజాల మీద నుంచి కిందికి దించినారు మల్ల. కాశీం కూడా, ఆ రోజు మాత్రం, పక్కకు పోలే.

కొత్త రేకు పెట్టి ముల్లు బిగిచ్చినాడు. పన్నెండు కొట్టె. గిడ్డమ్మ మడవ తిప్పినారు. ఆమె పొలానికి పోయి కడపటి కయ్యలో నిలబడింది. రెడ్డి జేబు గడియారం ఒక పెద్దరైతు పట్టుకోని చూస్తాండాడు. ముల్లు దిగుతాండాది, జారకుండా, ఆగకుండా, అడుగులో అడుగు. ఐదు నిమిషాలకు ఐదు, పదికి పది. ఇరవై అయితాండాది, అద్దం మీద బురద ముద్ర అట్లనే ఉండాది, తడిగా. ఇరవై ఐదు. కాలవలో నీళ్ళు తక్కువగా ఉండాయి ఆ రోజు, ఎనిమిదో కయ్య నిండింది గానీ తొమ్మిదోదానికి ఇంకా అందలే. ఇంగ ముసిల్ది నిలబెడతాదిలే అనుకున్యారు అందరూ. ముల్లు ముద్ర కాడికి వచ్చింది. వచ్చి, ఆగలే. దాటింది. ఠంగుమని కొట్టింది. జేబు గడియారంలో కూడా సరిగ్గా అరగంట. అద్దం మీద ముద్ర కిందికి జారి, సన్నటి తడిగీత అయి, ఎండకు ఎండిపోయింది, చూస్తాండంగనే. కడపటి కయ్య తడవలేదు, అయినా ముసిల్ది పట్టుబట్టలే. ఎక్కువ ఎప్పుడూ అడగలేదమ్మా ఆ మనిషి. ముల్లు ఈడికి వచ్చేదాంక నీళ్ళు నావి గదా అన్నాది, అంతే. తన అరగంట తనకొచ్చింది, ఏలు తీసేసింది.

నాగలింగాచారి ఏం చేసినాడంటే, కొట్టంలో ఉన్న కడవ తీసుకోని కాలవలో ముంచుకోని, పొలానికి పోయి కడపటి కయ్యలో పోసినాడు. మల్ల వచ్చినాడు, మల్ల ముంచినాడు. గిడ్డమ్మ, "వద్దన్నా, పోనీలే" అంటాండాది. వినలే. మేర పోయింది గానీ ఇల్లు పోలేదు, ఊరోళ్ళు పోనియ్యలే. ఆ ఎండాకాలమంతా మధ్యానం మధ్యానం మోసినాడు, ఆ పంట చేతికొచ్చేదాంక. ఏలు మాత్రం బాగవలే. ముడతలు పోలే, స్పర్శ రాలే. పనంతా పెండ్లాం చేతులతో చేసినాడు. ఆమె ఏలు పెట్టి, ఈడ అరిగిందంటే అరిగింది అనేది, ఈయన చేసేటోడు. ఆయన పోయినప్పుడు కడిగేటోళ్ళు చూసినారంట ఆ ఏలు. ముడత లేదు. నున్నగా ఉండాది, గోరు కింద రవంత బురద ఉండాది. ఎంత కడిగినా పోలేదంట ఆ బురద.

ఆ గడియారం ఇప్పుడు లేదు, కొట్టమూ లేదు, ఎవరి బోరు వాళ్ళకుండాది. ఇంతకీ ఇవన్నీ నీకెట్ల తెలుసని అడగరే మీరు? ఆ పెండ్లాము మా జేజే, మా నాయనమ్మ. లోపల నుంచి వింటాండాదని చెప్తి గదా, ఆమే. తను కూడా ఆ పొద్దు విని, నోరు మూసుకోనే ఉండిపోతి అని మా జేజి చచ్చేదాంక చెప్పుకోని ఏడుస్తాండె. అందుకే నేను ఇంత వాగుడుకాయనైతి. ఇంగ ఒల్చండి, గంప సగం కూడా కాలేదు.